వంటింటి అరకు గోడే ఆధారం

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో అపార్టుమెంట్లు వరుసగా లేచాయి. పాత ఇళ్ళలో వంటింటి అర అంటే గోడలోకి దిగేసిన షాబాద్ బండ. ఎంత బరువు పెట్టినా గోడే మోసేది. ఇప్పుడు గోడకు బ్రాకెట్లు బిగించి పలకలు పరుస్తున్నారు. ఆ బ్రాకెట్టు కంటికి కనిపించకూడదన్న మోజు కూడా పెరిగింది.

అయితే కొత్త భవనాల్లో చాలాచోట్ల లోపలి గోడలు నాలుగంగుళాల తేలిక దిమ్మెలతో కట్టినవే. మామూలు ప్లాస్టిక్ ప్లగ్గుకు వాటిలో పట్టు చాలదు. ఆ దిమ్మెలకని చేసిన పొడవాటి నైలాన్ ప్లగ్గులే వాడాలి. గోడలోకి చువ్వ దిగి, పలక వెనుక దాగే బ్రాకెట్టు కప్పులకు, మసాలా సీసాలకు చాలు. పప్పు డబ్బాలకు, కుక్కర్లకు ‘ఎల్’ ఆకారపు ఉక్కు బ్రాకెట్టే శ్రేయస్కరం. దాని పొడవాటి చేయిని గోడకు ఆనిస్తే పై స్క్రూ మీద లాగుడు తగ్గుతుంది. గోడ రంగే పూస్తే అదీ అంతగా కనిపించదు.

అర కిందే పొయ్యి వుంటుంది, పిల్లలు తిరుగుతుంటారు. అందువల్ల ఏ గోడ దేనితో కట్టారో, నీటి గొట్టాలు, కరెంటు తీగలు ఎటు పోతున్నాయో తెలిపే పటాన్ని తాళంచెవులతో పాటే బిల్డర్లు ఇవ్వాలి. లక్షలు పోసి కొన్నవారికి ఆ ఒక్క కాగితం ఇవ్వడం భారమేమీ కాదు.