కెమెరా కంటే ముందు కాగితం

"కాలేజీలో మేమంతా కలిసి షార్ట్‌ఫిల్మ్ తీస్తున్నాం. ఆదివారం తెల్లవారుజామునే వెళ్లాలి" అని కొడుకు అంటే "ఏమైనా తిని వెళ్లరా" అంటాం. అదే మాట కూతురు అంటే "నీకెందుకే ఆ గొడవంతా?" అంటాం. మా చల్లపల్లిలోనే కాదు, బెజవాడలోనూ ఇంతే. ఎక్కడికి వెళ్తుందో, ఎవరితో వెళ్తుందో, ఎప్పటికి తిరిగొస్తుందో తెలియకపోవడం వల్ల వచ్చే భయం అది. భయం తప్పు కాదు. కానీ ఆ ప్రశ్నలన్నింటికీ జవాబు ఒక మంచి సినిమా ప్రణాళికలోనే దొరుకుతుందని మనలో ఎందరికి తెలుసు?

రీలు మీద తీసిన రోజుల్లో ప్రతి అడుగూ డబ్బే. అందుకే అంతా ముందుగా ఆలోచించుకునేవారు. 'పథేర్ పాంచాలి' కోసం సత్యజిత్ రాయ్, తన సినిమాల కోసం మన బాపు, తీయబోయే దృశ్యాలను ముందే బొమ్మలుగా గీసుకున్నారు. ఇప్పుడు కెమెరా ఫోన్‌లోనే ఉంది. ఎన్నిసార్లు తీసినా ఖర్చు లేదు కదా అని పిల్లలు ముందు తీసేసి, తర్వాత కథ వెతుక్కుంటున్నారు. అలా మొదలైనవి చాలావరకు సగంలోనే ఆగిపోతాయి. ఆవకాయ పెట్టేముందు జాడీ తడి ఆరిందా, ఉప్పూ కారం ఆవపిండీ కొలత ప్రకారం ఉన్నాయా అని చూసుకున్నాకే కదా మనం కాయ కొట్టిస్తాం! ఇదీ అంతే.

మా ఊళ్లో 2014 నవంబరు నుంచి, తెల్లవారకముందే చీపుళ్లు పట్టుకుని వీధులు శుభ్రం చేసే కార్యకర్తలున్నారు. వాళ్ల మీద అయిదు నిమిషాల చిత్రం తీయాలనుకుందాం. పేజీకి నిమిషం లెక్కన స్క్రిప్టు అయిదు పేజీలు దాటకూడదు. కథ ఊరి గురించా? లేక ఇంట్లో పొయ్యి వెలిగించేలోగా వీధి ఊడ్చి వెళ్లే ఒకావిడ గురించా? ముందు అది తేల్చుకోవాలి. తర్వాత ఒకరోజు కెమెరా లేకుండా అదే వేళకు వెళ్లి చూసి రావాలి. ఆ చీకట్లో ఫోనుకు మొహాలు కనబడతాయా? అవనిగడ్డ, బందరు బస్సుల హారన్ల మధ్య మాట వినబడుతుందా? తీయబోయే వాళ్లు ఒప్పుకున్నారా? కథలో వెనకాముందూ ఉన్నా, ఒకచోట తీయాల్సినవన్నీ ఒకేసారి తీసుకోవాలి. ఫోన్ల చార్జింగ్, టిఫిన్లు, ఎవరు ఎవరిని ఇంటిదగ్గర దింపాలి అన్నవి కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

ఏం చెప్పాలన్న ధైర్యం కూడా అప్పుడే రావాలి. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ పెట్టుబడితో గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీశారు. మొదటిది అంటరానితనాన్ని, రెండోది జమీందారీ పెత్తనాన్ని ప్రశ్నించాయి. జమీందారు డబ్బుతో జమీందారీ మీదే సినిమా! అలాంటి నిర్ణయం షూటింగులో పుట్టదు, కథ అనుకున్న రోజునే జరగాలి.

ఆ రోజునే జరిగే ఇంకో నిర్ణయం మీద ఆడపిల్లలు కన్నేసి ఉంచాలి. ఎవరు ఏ పని చేయాలన్నది పంచుకునేటప్పుడు దర్శకత్వం, కెమెరా అబ్బాయిలకీ, మేకప్పు, బట్టలు, టిఫిన్లు అమ్మాయిలకీ వెళ్లిపోతుంటాయి. ఎవరూ కావాలని చేయకపోవచ్చు. పది నిమిషాల్లో అలవాటుగా జరిగిపోతుంది. నోరు విప్పాల్సింది ఆ పది నిమిషాల్లోనే. షూటింగు మొదలయ్యాక నొచ్చుకుని ఏం లాభం? భానుమతి 1953లో 'చండీరాణి'కి, సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు'కి దర్శకత్వం వహించారు. విజయనిర్మల ఏకంగా 44 సినిమాలు తీసి గిన్నిస్ బుక్ కెక్కారు. మన అమ్మాయిలకు దారి ఎప్పుడో పడింది. నడవనివ్వడమే మిగిలింది.

కాబట్టి తల్లులకు ఒక్క మాట. అమ్మాయి సినిమా అనగానే 'వద్దు' అనకండి. "సరే, ఎక్కడ తీస్తారు, ఎన్నింటికి మొదలు, ఎవరెవరు వస్తున్నారు, ఎలా తిరిగొస్తారు? రాసి తీసుకురా" అనండి. రాయలేకపోతే ఇంకా ఆలోచించుకోలేదని ఆ పిల్లకే అర్థమవుతుంది. రాసి తెస్తే మీ భయం సగం తగ్గుతుంది, సినిమా పని సగం పూర్తవుతుంది. ఇంట్లో శుభకార్యాలకు మనం వేసే పట్టీల అనుభవం కూడా కాస్త జోడించండి. మనకు తెలిసిన విద్యే కదా! ఇక ఆ కాగితంలో 'దర్శకత్వం' అన్నచోట ఎవరి పేరు ఉందో చూడండి. మీ అమ్మాయి ఆ పని కావాలని అడిగిందో లేదో కూడా కనుక్కోండి.