ఫోటో చూసి కాపురం గురించి చెప్పేస్తారా?

మన సాఫ్ట్‌వేర్ జనాల నోట ఈ మధ్య ఒక మాట తెగ వినబడుతోంది: "ప్రోటీన్ల సంగతి ఏఐ తేల్చేసింది కదా, ఇంకా ల్యాబులెందుకు?" 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం ఆల్ఫాఫోల్డ్ చేసిన హస్సాబిస్, జంపర్‌లకి వచ్చిన మాట నిజమే. అమైనో ఆమ్లాల వరస ఇస్తే ఆకారం ఊహించి చెప్తుంది. 2022 నుంచీ అలాంటి ఆకారాలు 20 కోట్లకి పైగా ఊరికే దొరుకుతున్నాయి. గొప్ప పనే, ఎవరు కాదన్నారు? కానీ అది ఫోటో అండీ బాబూ. పెళ్ళికొడుకు ఫోటో చూసి కాపురం ఎలా చేస్తాడో చెప్పేస్తారా?

సికిల్ సెల్ జబ్బు తీసుకోండి. మన ఆదిలాబాద్ గూడేల్లోనూ, విశాఖ మన్యంలోనూ ఉన్నదే. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. మన భాషలో ఒక్క క్యారెక్టర్ బగ్గు :) విడిగా ఒక అణువుని చూస్తే ఆకారం దాదాపు మామూలు హిమోగ్లోబిన్‌లాగే ఉంటుంది. మరి జబ్బెక్కడుంది? ఆక్సిజన్ వదిలేశాక, ఎర్రకణంలో కిక్కిరిసి ఉన్న ఆ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులు కట్టడంలో ఉంది. పోగులు మొదలవడానికి పట్టే సమయం గాఢత మీద దాదాపు 30వ ఘాతంలో ఆధారపడుతుంది. లెక్క వేసుకోండి, గాఢత 10 శాతం తగ్గితే సమయం 20 రెట్లకి పైగా పెరుగుతుంది. ఈలోపు ఆ కణం సన్నటి రక్తనాళం దాటేసి బయటపడొచ్చు. హైడ్రాక్సీయూరియా మందు చేసే మేలు కూడా చాలావరకు ఇదే: గర్భంలో శిశువుకుండే రకం హిమోగ్లోబిన్‌ని పెంచి, అతుక్కునేదాన్ని పలచన చేస్తుంది. ఇదంతా ఏ ఫోటోలో కనబడుతుంది?

"అయితే సిమ్యులేట్ చేసెయ్యొచ్చుగా" అంటారు. చేస్తున్నారు పాపం. అణువుల కదలిక లెక్కకట్టడానికి ఒక్కో అడుగు సుమారు 2 ఫెమ్టోసెకన్లు, అంటే మిల్లీసెకనుకి 50,000 కోట్ల అడుగులు. డి.ఇ. షా రీసెర్చ్ వాళ్ళు ఇందుకోసమే ప్రత్యేకంగా చిప్పులు చేయించి ఆంటన్ అనే యంత్రం కట్టారు. 2010లో దానిమీద 58 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీనుని నీళ్ళలో ఒక మిల్లీసెకను నడిపి చూపించారు. హిమోగ్లోబిన్‌లో 574 ఉంటాయి. ఒక్క ఎర్రకణంలో అలాంటి అణువులు దాదాపు 27 కోట్లు.

నాకు ఒళ్ళు మండేదెక్కడంటే, మా చుట్టాలమ్మాయి క్రిస్టలోగ్రఫీలో పీహెచ్‌డీ చేస్తానంటే మన ఫీల్డు పెద్దమనిషి ఒకాయన "అదంతా అయిపోయిందమ్మా, డేటా సైన్స్ నేర్చుకో" అని సలహా పడేశాడు. అయ్యా, ఆల్ఫాఫోల్డ్ చదువుకున్న పుస్తకం రాసిందెవరు? 1971లో 7 నిర్మాణాలతో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంకు అది. స్ఫటికాలు పెంచి, ఎక్స్‌రేలు పెట్టి, ఏళ్ళకేళ్ళు ధారపోసినవాళ్ళు లక్షన్నరకి పైగా పోగేస్తేనే దానికి ట్రైనింగు దొరికింది. ఆ నిర్మాణాల్లో కోణాలు సరిగ్గా ఉన్నాయా అని ఇవాళ్టికీ సరిచూసేది మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్ బృందం 1963లో ఇచ్చిన ప్లాటుతోనే.

ఇప్పుడు కావలసింది కణం లోపలి కొలతలు. ఏది దేనితో, ఎంత గాఢతలో, ఎంతసేపట్లో అతుక్కుంటుందో ఒక్కొక్కటే కొలవాలి. ఆ అమ్మాయిని వద్దన్నారు సరే, పిపెట్ మీరు పట్టుకుంటారా సార్?