పలకరింపుపై సుంకము

తెలుగులో చెరసాల అన్నను, కారాగారమన్నను, జైలన్నను ఒకటే. అమెరికాలో అట్లు కాదు. శిక్షపడినవానిని ఏండ్ల తరబడి ఉంచునది అక్కడ 'ప్రిజన్'. అది రాష్ట్ర ప్రభుత్వముదో, కేంద్ర ప్రభుత్వముదో అయి యుండును. పోలీసులు పట్టి తెచ్చినవానిని విచారణ ముగియువరకు ఉంచునది, చిన్న శిక్షలు పడినవారిని పంపునది 'జైలు', అది కౌంటీది. కౌంటీ యనగా రాష్ట్రమునకు లోబడిన స్థానిక పరిపాలనా విభాగము, మన జిల్లావంటిది. దాని జైలుకు పెద్ద సాధారణముగా షెరీఫ్. ఆయన పైనుండి నియమింపబడిన ఉద్యోగి కాడు. ఓట్లతో గెలిచి వచ్చినవాడు. ఈ భేదమును గుర్తుంచుకొననిచో, జైలులోనివారితో ఇంటివారు మాట్లాడుకొనుటను గూర్చి ఆ దేశములో ఇరువది యేండ్లకు పైగా సాగుచున్న తగాదా బోధపడదు.

2023 సంవత్సరము నడిమికి అమెరికా స్థానిక జైళ్ళలో ఉన్నవారు సుమారు 6 లక్షల 64 వేలమంది. వారిలో నూటికి 70 మందిపై నేరము రుజువు కాలేదు. చట్టము దృష్టిలో వారు నిర్దోషులే. జామీను సొమ్ము కట్టలేక కొందరు, జామీనే దొరకక కొందరు, వాయిదాకై ఎదురుచూచుచు కొందరు లోపలనున్నారు. ఇంకొక విశేషము: ఒక్క ఏడాదిలో ఈ జైళ్ళలోనికి జరుగు ప్రవేశములు 70 లక్షలకు పైబడినవి. అనగా వచ్చువారు వచ్చుచుందురు, పోవువారు పోవుచుందురు. పెక్కుమంది కొలది దినములే ఉందురు. కాని ఆ కొలది దినములలోనే ఉద్యోగము ఊడవచ్చును, ఇల్లు పోవచ్చును, బడినుండి బిడ్డను తెచ్చువారు లేకపోవచ్చును. ఇంటికి కబురు చేరుట అన్నింటికంటె ముందు కావలసినది అప్పుడే.

ఆ కబురు చేరుట ఎంత కష్టమో చూడుడు. పట్టుబడినవాని చేతిలోని సెల్‌ఫోనును ముందుగా తీసికొందురు. దానితోపాటు అతని జ్ఞాపకశక్తియు పోయినట్లే; ఈ కాలమున కన్నతల్లి నంబరైనను నోటికి వచ్చినవారెందరు? గోడకు బిగించిన ఫోనునుండి పిలువవలెను. అవతల ఎత్తినవారు ముందుగా కంపెనీ వద్ద ఖాతా తెరచి సొమ్ము జమచేసి యుండనిచో మాట సాగదు. అన్నిటికంటె గట్టి నియమము ఒకటి ఉన్నది: లోపలివాడు వెలుపలికి పిలువవలసినదే గాని, వెలుపలివారు లోపలికి పిలువరాదు. కావున తల్లి చేయగలిగినది ఫోను ప్రక్కన కూర్చుండుట. ఆమె స్నానమునకు వెళ్ళిన సమయమున గంట మ్రోగినచో ఆనాటికి అంతే.

2015 జూలై 10న టెక్సాస్‌లోని వాలర్ కౌంటీలో సాండ్రా బ్లాండ్ అను 28 ఏండ్ల నల్లజాతి యువతి కారును పోలీసు ఆపినాడు. దారి వరుస మారునపుడు సంకేతదీపము వెలిగింపలేదన్నది కారణము. మాటామాటా పెరిగి అరెస్టు వరకు వచ్చినది. జామీను 5,000 డాలర్లు. అందు పదియవ వంతు, అనగా 500 డాలర్లు చెల్లించినచో బయటకు రావచ్చును. ఆమె ఇల్లినాయ్‌నుండి కొత్త ఉద్యోగమునకై వచ్చినది; అయినవారందరు దూరమున ఉన్నారు. ఆ సొమ్ము సమకూర్చుకొను ప్రయత్నమంతయు ఫోనుమీదనే నడిచినది. జూలై 13న ఆమె కొట్టులో శవమై కనిపించినది. వైద్యాధికారి దానిని ఆత్మహత్య యనెను; కుటుంబమువారు ఆ నిర్ణయమును శంకించిరి. తగాదా ఎట్లున్నను, ఆమె లోపలనున్నది మూడు దినములు, కావలసినది 500 డాలర్లు. స్థానిక జైళ్ళలో మరణకారణములందు ఏండ్ల తరబడి ఆత్మహత్యయే ప్రథమస్థానమున ఉన్నదని ప్రభుత్వ గణాంకములే చెప్పుచున్నవి. మొదటి దినములలో ఒక పరిచితమైన గొంతు వినిపించుట ఎట్టి అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

అట్టి గొంతునకు వెల కట్టినవారెవరు? కౌంటీ ఒక టెలిఫోను కంపెనీతో ఒప్పందము చేసికొనును. ఆ జైలులో ఆ కంపెనీకి పోటీ ఉండదు. ఈ వ్యాపారములో అధికభాగము సెక్యూరస్, వయాపాత్ అను రెండు కంపెనీలదే. రెండవది 2022 వరకు జీటీఎల్ అను పేరుతో ఉండెను. మామూలు బేరములో కొనువాడు తక్కువ ధర అడుగును. ఇచ్చట కౌంటీ అడిగినది తక్కువ ధర కాదు, తనకు ఎక్కువ వాటా. ఆ వాటా ఇచ్చుటకు కంపెనీ నిమిషపు ధరను పెంచవలెను. బేరమాడిన ఇద్దరును చెల్లించువారు కారు. చెల్లించునది ఆ బల్లదగ్గర కుర్చీలేని మూడవ మనిషి. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు ఈ ఒప్పందములు నడచినవి. ఆ మూడవ మనిషి పెక్కుసార్లు స్త్రీ: తల్లి, భార్య, చెల్లెలు. నిమిషపు ధర చాలనట్లు ఖాతాలో సొమ్ము వేసినప్పుడెల్ల వేరొక రుసుము. యంత్రము ద్వారా అయినచో 3 డాలర్లు, మనిషితో మాట్లాడి కట్టినచో 5 డాలర్ల 95 సెంట్లు వరకు తీసికొనుటకు 2015 నాటి నిబంధనలే అనుమతించినవి.

ఇంత వెల యిచ్చి కొన్న సంభాషణ ఎట్టిది? సాధారణముగా 15 నిమిషములు. మొదట ఒక యంత్రస్వరము ఇది ఫలానా జైలునుండి వచ్చిన పిలుపు అనియు, దీనిని రికార్డు చేయుచున్నామనియు చెప్పును. ఆ రికార్డు ప్రాసిక్యూటరు చేతికి పోవచ్చును. కోర్టులో సాక్ష్యముగా రావచ్చును. కావుననే కేసును గూర్చి ఫోనులో ఒక్కమాటయు అనవలదని ప్లీడర్లు ముందుగానే హెచ్చరింతురు. ఏమి జరిగినదని తల్లి అడుగరాదు. ఏమి జరిగినదో కొడుకు చెప్పరాదు. ఇద్దరి మనస్సులో ఉన్నది ఆ ఒక్క విషయమే. అన్నము తింటివా, నిద్ర పట్టుచున్నదా అన్నంతలో గడువు ముగియబోవుచున్నదని యంత్రస్వరము మరల వచ్చును. సాక్షులను బెదిరించుట ఫోనులమీద జరుగకుండ చూడవలెనన్న షెరీఫుల వాదము కొట్టివేయదగినది కాదు. అయితే ఆ కాపలా ప్రజలందరి భద్రతకైనచో దాని ఖర్చు ప్రజలందరిది కావలెను గాని, నిఘాకు గురియైనవాని తల్లిది ఎట్లు అగును?

ఈ ప్రశ్నను మొదట గట్టిగా అడిగినది వాషింగ్టన్ నగరమునందలి ఒక వృద్ధురాలు. మార్తా రైట్ పదవీవిరమణ చేసిన నర్సు, చూపు పోయినది. శిక్షపడిన మనుమనిని దూరరాష్ట్రములకు మార్చిరి. జాబు చదువలేని ఆమెకు ఫోనే దిక్కు. 2000లో ఆమెయు, మరికొందరును కోర్టుకెక్కిరి. కోర్టు వారిని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ వద్దకు పంపెను. 2003లో అర్జీ దాఖలైనది. కమిషన్ తొలిసారి ధరలకు హద్దు పెట్టినది 2013లో, అనగా పదేండ్లకు. ఆమె 2015లో మరణించెను.

ఆ తొలి హద్దునందు ఒక వింత ఉన్నది. అది ఒక రాష్ట్రమునుండి వేరొక రాష్ట్రమునకు చేయు పిలుపులకే వర్తించినది. మార్తా రైట్ మనుమనివలె ప్రిజన్‌లలో దూరముగా ఉన్నవారికి అది మేలే. కౌంటీ జైలులోనివాడో, తన ఊరిలోనే ఉండును; అతని పిలుపులు రాష్ట్రము దాటవు. రెండు వీధుల అవతలనున్న ఇంటికి మాట్లాడుటకు, దేశపు ఆ చివరకు మాట్లాడుటకంటె ఎక్కువ చెల్లించవలసి వచ్చినది! కమిషన్ 2015లో రాష్ట్రములోపలి పిలుపులకును హద్దు పెట్టగా, ఆ అధికారము కమిషన్‌కు లేదని 2017లో అప్పీలు కోర్టు కొట్టివేసెను. ఆ లోపమును పూరించుటకు కాంగ్రెసు చేసిన చట్టముపై 2023 జనవరిలో అధ్యక్షుడు బైడెన్ సంతకము చేసెను. చట్టమునకు మార్తా రైట్ పేరే పెట్టిరి. దాని బలముతో 2024 జూలైలో కమిషన్ కొత్త ధరలు ప్రకటించినది. పెద్ద జైళ్ళలో 15 నిమిషములకు 11 డాలర్ల 35 సెంట్ల వరకు ఉన్నది 90 సెంట్లకును, చిన్న జైళ్ళలో 12 డాలర్ల 10 సెంట్ల వరకు ఉన్నది 1 డాలరు 35 సెంట్లకును దిగవలెను. కౌంటీలకు వాటాలిచ్చుటయు, అదనపు రుసుములును నిషేధింపబడినవి. ఒకే ఉత్తర్వుతో సుమారు తొమ్మిదవ వంతుకో, పన్నెండవ వంతుకో దిగగల ధర అంతవరకు దేనికి ధర అయి యుండెనో ఊహింపవచ్చును.

ఫోను కథ ఇట్లుండగా, ములాఖతు కథ వేరొకటి. కౌంటీ జైళ్ళలో తాకి మాట్లాడుట ఏనాడో అరుదైనది. లాస్ ఏంజిలిస్ కౌంటీ జైలు కేసులో 1984లోనే సుప్రీంకోర్టు, స్పర్శకు వీలిచ్చు ములాఖతు రాజ్యాంగపు హక్కు కాదని తీర్పు చెప్పినది. మిగిలినది నడుమ అద్దము, ఇరువైపుల రిసీవర్లు. అద్దముపై అటు ఒక అరచేయి, ఇటు ఒక అరచేయి. వీడియో వచ్చిన పిమ్మట ఆ అద్దమును కూడ తీసివేసిరి, తలుపు తెరచుటకు కాదు, గోడ కట్టుటకు. వీడియో ప్రవేశపెట్టిన జైళ్ళలో నూటికి 74 ముఖాముఖి ములాఖతులను ఎత్తివేసినవని ప్రిజన్ పాలసీ ఇనీషియేటివ్ అను సంస్థ 2015లో తేల్చినది. జైలుకు నడిచి వచ్చిన తల్లియు అక్కడి తెరముందే కూర్చుండవలెను; కొడుకు అదే కట్టడములో ఉండును. తండ్రులను కలియనీయలేదని మిషిగన్‌లో సెంట్ క్లెయిర్, జెనెసీ కౌంటీల పిల్లల తరఫున 2024లో దావాలు పడినవి. ఫోను, వీడియోల రాబడి పెంచుకొనుటకే ములాఖతులను ఆపిరన్నది వారి ఆరోపణ.

వీడియో చెడ్డదని కాదు. వంద మైళ్ళు ప్రయాణము చేయలేని ముసలివారికి, ఉద్యోగమునుండి సెలవు దొరకని భార్యకు అది వరమే. అదనముగా ఇచ్చిన సౌకర్యమునకు, ఉన్నదానిని లాగికొని ఇచ్చిన సౌకర్యమునకు ఉన్న తేడా అది.

ఇక జాబులు. 2007లో అరిజోనాలోని మారికోపా కౌంటీ షెరీఫ్, ప్లీడర్ల ఉత్తరములు తప్ప తక్కినవన్నియు పోస్టుకార్డులే కావలెనని శాసించెను. తపాలా సేవకుడు మొదలు అందరును చదువదగినట్లు భార్య భర్తకు ఏమి వ్రాయును? ఇట్టి నియమమునే అనుసరించిన ఆరెగాన్‌లోని కొలంబియా కౌంటీది చెల్లదని 2013లో ఫెడరల్ జడ్జి తీర్పు చెప్పెను. అంతలో కొత్త పద్ధతి వచ్చినది. కాలిఫోర్నియాలోని శాన్ మాటియో కౌంటీ 2021లో, జాబులను ఫ్లారిడాలోని ఒక ప్రైవేటు కంపెనీకి పంపుమన్నది. అక్కడ వానిని స్కాన్ చేసి, తెరపై చూపి, అసలు కాగితమును ధ్వంసము చేయుదురు. కాగితములకు మత్తుమందులు పూసి పంపుచున్నారన్నది అధికారులు చెప్పు కారణము. 2023లో దానిపై దావా నడిచినది. బ్రిటిషువారి కాలమున మన జైలు అధికారులు జాబులు చదివి, నచ్చని పంక్తులకు సిరా పూసి పంపుచుండిరి. అయినను ఆ కాగితము చేరెడిది. దిండుక్రింద దాచుకొనుటకు మిగిలెడిది. బిడ్డ రంగుపెన్సిలుతో గీసిన బొమ్మ తెరపై కనిపించిన మాత్రమున అది బిడ్డ పంపిన బొమ్మ అగునా?

ఈ వ్యవహారము తెలుగు ఇండ్లకు చేరినది 2019 జనవరిలో. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అను పేరుతో ఇమ్మిగ్రేషన్ అధికారులే నడిపిన బూటకపు విద్యాసంస్థ బయటపడగా, దానిలో చేరినవారిని సుమారు 130 మందిని పట్టుకొనిరి. ఒకరు తప్ప అందరును భారతీయులు. అందు తెలుగువారు పెక్కుమంది. కొందరిని మిషిగన్ కౌంటీ జైళ్ళలో ఉంచిరి. ఇమ్మిగ్రేషన్ శాఖ తలకు, దినమునకు ఇంతయని కౌంటీలకు సొమ్ము చెల్లించి ఉంచు పద్ధతి అది. ఆ రాష్ట్రపు కౌంటీ జైళ్ళలో 15 నిమిషముల పిలుపునకు సగటున 12 డాలర్లు, కొన్నిచోట్ల 22 డాలర్లు అగుచున్న రోజులవి. అదే రాష్ట్రపు ప్రిజన్‌లలో 2 డాలర్ల 40 సెంట్లే. ఫోనునకు ఇటునుండి పిలువ వీలులేదు. అటునుండి పిలుచుటకు ఖాతా కావలెను. ఆ ఖాతా తెరచి సొమ్ము వేయుటకు అమెరికాలో ఎవరో ఒకరు ఉండవలెను. అక్కడి తెలుగు సంఘములవారు ప్లీడర్లతో మాట్లాడి, జైళ్ళకు వెళ్ళి పిల్లలను చూచి వచ్చిరి. భారత రాయబార కార్యాలయము 24 గంటల ఫోను ఏర్పాటు చేసినది. 1963 నాటి వియన్నా ఒప్పందము ప్రకారము విదేశీయుని నిర్బంధించినపుడు అతడు కోరినచో అతని దేశపు కాన్సులేటుకు తెలుపవలెను. కాన్సులేటువారు వెళ్ళి చూడవచ్చును. విదేశములో పిల్లలున్న ప్రతి ఇంటిలో ఈ సంగతి తెలిసి యుండుట మంచిది.

2024 ధరలు అమలుకు రాకమునుపే గాలి మారినది. ఆర్కాన్సాలో ఒక కౌంటీ, ఆ ధరలకు గిట్టదని ఖైదీల ఫోనునే ఎత్తివేసినది. 2025 జూన్‌లో కమిషన్ గడువును 2027 ఏప్రిల్‌కు వాయిదా వేసినది; అక్టోబరులో ఆ వాయిదాను వదలి, హద్దులను పెంచి కొత్త ఉత్తర్వు చేసినది. దేవుడు వరమిచ్చినను పూజారి ఇయ్యడన్న సామెత ఇక్కడ సరిగా అమరదు. ఇచ్చినదియు, వెనుకకు తీసికొన్నదియు ఆ కమిషనే. మరొకప్రక్క న్యూయార్క్ నగరము 2019లో, శాన్ ఫ్రాన్సిస్కో 2020లో జైలు ఫోనులను ఉచితము చేసినవి. మసాచుసెట్స్ రాష్ట్రము 2023 డిసెంబరునుండి కౌంటీ జైళ్ళకును ఆ ఏర్పాటు చేసినది. అచ్చట జైళ్ళు మూతపడలేదు, కాపలా సడలలేదు. మాటలు మాత్రము పెరిగినవి.

వాషింగ్టన్‌లోని కమిషన్ నిమిషపు ధరను నిర్ణయింపగలదు. అద్దమునకు ఆవల బిడ్డను నిలుపుటయు, జాబును కాగితముగానే చేర్చుటయు దాని చేతిలో లేవు. అవి షెరీఫ్ చేతిలోనివి. పెక్కు కౌంటీలలో ఆయన నాలుగేండ్లకొకసారి ఓటర్ల ముందుకు రావలెను. నేరము రుజువు కాక జైలులోనున్నవారిలో అనేకులకు ఆ ఓటుహక్కు చట్టరీత్యా ఇంకను ఉన్నది. బ్యాలెట్టు కాగితము లోపలికి చేరుట వేరొక తగాదా.