పదిహేను లక్షల మంది పాట



పోయిన సంచికలో ఎనిమిదో తరగతి చెల్లె ఒకామె తనకు నచ్చిన సినిమా పాటల గురించి రాసింది. అందరం గోడ దగ్గర నిలబడి చదివినం. ఈసారి నేను కూడా పాటల గురించే రాస్తున్నాను. కానీ ఇవి సినిమా పాటలు కావు, మన భాష పాటలు కూడా కావు. బహ్రెయిన్ అనే చిన్న దేశం పాటలు. వాటి గురించి చెప్పి, ఆ తర్వాత ఆగస్టు 9 నాడు మన దగ్గర జరిగే ప్రోగ్రాం గురించి ఒక మాట అడుగుతాను. రెండింటికి సంబంధం ఏందని అప్పుడే నవ్వకండి.

మన గంభీరావుపేట నుంచి సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల దాకా ఏ ఊరికి పోయినా దుబాయ్ పోయినోళ్ళు ఉంటరు. మస్కట్ పోయినా, ఖతర్ పోయినా, కువైట్ పోయినా మనోళ్ళు అన్నిటిని దుబాయ్ అనే అంటరు. మా చిన్నబాపును కూడా గూడెంల "దుబాయాయన" అంటరు. ఆయన పని చేసేది బహ్రెయిన్‌ల, మనామా పట్నంల. మన హాస్టల్‌ల కూడా చానా మందికి బాపో, అన్నో, మామో గల్ఫ్‌ల ఉన్నరు. వాళ్ళు పంపే పైసల సంగతి మనకు బాగా తెలుసు. దినారుకు ఎన్ని రూపాయలు అని ఆరో తరగతి పిల్లను లేపి అడిగినా చెప్తది. సెంటు సీసాలు, దుప్పట్లు, ఖర్జూరాలు తెలుసు. ఆ దేశంల మనుషులు ఏం పాడుకుంటరో మాత్రం ఎవ్వరం అడగం.

దసరా సెలవులల్ల చిన్నబాపు వచ్చినప్పుడు ఆయన ఫోన్‌ల ఆ పాటలు విన్న. క్యాంపుల రాత్రి వంట చేసుకునేటప్పుడు అవే పెట్టుకుంటరట. మొదటి పాట మొదలు కాంగనే మా చిన్నవ్వ "గొంతు రాసుకపోయినట్టున్నది, జలుబు చేసిందా ఆయనకు" అన్నది. నిజంగనే గరుకు గొంతు. గిటారు వాయించుకుంట పాడుతడు, వెనుక నుంచి పదిమంది అందుకుంటరు. ఒక్క మాట అర్థం కాలేదు. అయినా రెండోసారి పెట్టమన్న. మూడోసారి చిన్నవ్వనే పెట్టమన్నది.

ఆయన పేరు అలీ బహర్. అరబ్బీల బహర్ అంటే సముద్రమట. ఆయన బృందం పేరు అల్ ఇఖ్వా, అంటే అన్నదమ్ములు. ఆయనను అక్కడ "బహ్రెయిన్ బాబ్ మార్లీ" అంటరు. బాబ్ మార్లీ జమైకా దేశం ఆయన, 1981లో చనిపోయిండు. ఆ జమైకా కూడా చిన్నదే, జనం ముప్పై లక్షలు కూడా లేరు. అయినా ఆయన పాట వినని ఖండం లేదు. అలీ బహర్ 2011లో చనిపోయిండు. నేను పుట్టిన ఏడాదే. చనిపోయి ఇన్నేండ్లయినా టాక్సీలల్ల, చాయ్ హోటళ్ళల్ల ఆయన పాటే వినపడుతదని చిన్నబాపు చెప్పిండు. అదే 2011లో హలా అల్ తుర్క్ అనే బహ్రెయిన్ చిన్నపిల్ల అరబ్ దేశాలన్ని చూసే టీవీ పోటీల పాడి పేరు తెచ్చుకున్నది. 

సెలవులు అయినంక సోషల్ సార్‌ను అడిగి, కంప్యూటర్ పీరియడ్‌ల కూడా చూసి ఆ దేశం గురించి రాసుకున్నాను. బహ్రెయిన్ అంటే సముద్రంల కొన్ని దీవులు. మొత్తం కలిపితే సుమారు 780 చదరపు కిలోమీటర్లు. మన రాజన్న సిరిసిల్ల జిల్లా రెండు వేల పైన ఉంటది. అంటే మన జిల్లాల సగం కూడా లేదు. జనం సుమారు 15 లక్షలు, అందులో సగం కంటే ఎక్కువ బయటి దేశాలోళ్ళు, మా చిన్నబాపు లెక్క. అక్కడ పుట్టిన అసలు మనుషులు ఏడెనిమిది లక్షలే.

ఇంకో సంగతి చదివి నాకు ఆశ్చర్యమైంది. 1965లో దినారు వచ్చేదాకా అక్కడ మన రూపాయే చెల్లిందట. వాళ్ళ ముత్యాలు అమ్ముడుపోయేది బొంబాయిల. అప్పుడు వాళ్ళు మన రూపాయి కోసం చూసిండ్రు, ఇప్పుడు మనం వాళ్ళ దినారు కోసం చూస్తున్నం.

ముత్యాలు అన్న కదా, అసలు పాట అక్కడ్నే ఉన్నది. బహ్రెయిన్‌ల 1932లో నూనె బావి పడింది. దానికంటే ముందు వాళ్ళ బతుకు ముత్యాల మీదనే. ఎండకాలం నుంచి నాలుగు నెలలు మగవాళ్ళు పడవల మీద సముద్రంల ఉండేటోళ్ళు. ముక్కుకు క్లిప్పు పెట్టుకొని, కాలికి రాయి కట్టిన తాడు పట్టుకొని కిందికి మునుగుతరు. ఆల్చిప్పలు ఏరి బుట్టల వేస్తరు. పైన ఇంకొకాయన తాడు పట్టి లాగుతడు. మన నర్మాల డ్యాం దగ్గర పోరగాండ్లు మునిగి ఎంతసేపు ఊపిరి ఆపుతరో పందెం వేసుకుంటరు కదా, వీళ్ళకు అది పందెం కాదు, కూలి. రోజుకు ఎన్నోసార్లు అట్ల మునగాలె. చానా మంది పడవ యజమానికి బాకీ ఉండేటోళ్ళు. సీజన్ అయినా బాకీ తీరకపోయేది, మళ్ళ ఏడు మళ్ళ అదే పడవ.

ఆ పడవల మీద పాడిన పాటలను ఫిజిరి అంటరు. పడవకు ఒక పాటగాడు ఉంటడు, ఆయనను నహ్హామ్ అంటరు. మునగటం ఆయన పని కాదు, పాడటమే పని. ఆయన ఎత్తుకుంటే మిగతా వాళ్ళు కింది గొంతుతో మూలుగు లెక్క అందుకుంటరు. వాయిద్యాలు ఎక్కువ లేవు. చప్పట్లు, చిన్న డోళ్ళు, ఒక మట్టి కుండ. నిజమే, కుండనే. నీళ్ళ కుండ మూతి మీద చేతితో కొడితే లోపల నుంచి గుమ్మని వస్తది. మా నాయినమ్మ ఇంటిముంగట కూర్చొని ఖాళీ బిందె మీద కొట్టి పాడేది, అదే చప్పుడు. ఈ పాట మనుషులకు ఎట్లొచ్చింది అంటే దానికి కూడా ఒక కథ ఉన్నది: కొందరు స్నేహితులు రాత్రిపూట జిన్నులు పాడుతుంటే విని నేర్చుకున్నరట, ఎవరికన్న చెప్తే చస్తరని జిన్నులు ఒట్టు వేయించుకున్నయట. మన ముసలోళ్ళు చెప్పే కథలు గిట్లనే ఉంటయి కదా.

ఆడవాళ్ళు పడవ ఎక్కకపోయేది. నాలుగు నెలలు ఒడ్డునే. సీజన్ చివర్ల వాళ్ళు సముద్రం దగ్గరికి పోయి, ఇగ చాలు, మా మొగోళ్ళను మాకు ఇయ్యి అని సముద్రాన్ని తిట్టుకుంట పాడేటోళ్ళట. ఇది చదివి చెప్తే మా చిన్నవ్వ చానాసేపు మాట్లాడలేదు. మా చిన్నబాపు పోయేటప్పుడు ఏజెంటుకు కట్టినవి వడ్డీ పైసలే. మొదటి మూడేండ్లు బాకీకే పోయింది. మన దిక్కు కాగితాలు లేకుండ అక్కడ ఉండేటోళ్ళను ఖల్లివల్లి అంటరు. అరబ్బీల ఆ మాటకు "పోనీ, వదిలెయ్" అని అర్థమట. తిడితే తిట్టాలె గాని మనిషికే ఆ పేరు పెడితే ఎట్ల?

జపాన్ వాళ్ళు ముత్యాలు పెంచుడు నేర్చినంక బహ్రెయిన్ ముత్యాల బేరం పడిపోయింది. పడవలు పోయినయి, మునిగే పని పోయింది. పాట పోలేదు. వాడవాడకు 'దార్' అని ఒక ఇల్లు ఉంటది, పని అయినంక అక్కడ కూర్చొని పాడుకుంటరు. ఆ ఇండ్లల్ల పాట నిలిచింది. 2021లో యునెస్కో ఆ ఫిజిరిని ప్రపంచ వారసత్వ కళల జాబితాల చేర్చింది. బాకీల మునిగిన కూలోళ్ళు పాడిన పాట అది. రాజులు పాడిన పాట కాదు.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న మాటకు వస్తున్నాను.

2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో షెడ్యూల్డ్ తెగలవాళ్ళం 31 లక్షల పైన ఉన్నం. బహ్రెయిన్ దేశం మొత్తానికి రెండింతలు. అయినా మనల్ని మనమే "కొద్దిమందిమి" అనుకుంటం. మన భాష కొద్దిమందిది, మన పాట కొద్దిమందిది, అందరి ముంగట ఎందుకు అంటం. ఏడెనిమిది లక్షల మంది తమ పాటను టాక్సీల వింటున్నరు, టీవీల పాడుతున్నరు. మనం డార్మిటరీల దుప్పటి కప్పుకొని పాడుకుంటున్నం. గోండి అక్క ఒకామె బట్టలు ఉతుక్కుంట పాడుతది, ఎవరన్న రాంగనే ఆపుతది. ఎందుకు ఆపినవ్ అంటే "నవ్వుతరు" అన్నది. అవును, నవ్వుతరు. నవ్వేది బయటోళ్ళు కాదు, మనమే.

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించింది. ఆనాడు మనం చేసేది ఏంది? కిరాయికి తెచ్చిన ఆకుపచ్చ గుడ్డ ఆకులు నడుముకు కట్టుకుంటం, తలకు రంగు ఈకలు పెట్టుకుంటం, మొఖానికి తెల్లచుక్కలు పెట్టుకొని సినిమా పాటకు హూ హూ అని ఎగురుతం. మా నాయకపోడు గూడెంల అట్లాంటి బట్ట ఎవ్వరూ కట్టంగ నేను చూడలేదు. మా నాయినమ్మ చీర కడుతది. గోండు అక్కల ఇండ్లల్ల, కోయ అక్కల ఇండ్లల్ల, లంబాడి చెల్లెండ్ల ఇండ్లల్ల కూడా ఎవ్వరు ఆకులు కట్టరు. మరి మనం ఎవరి వేషం వేస్తున్నట్టు?

సినిమా పాటలు వద్దని నేను అంటలేను. నేను కూడా ఎగురుత. జనవరి 26కు, వార్షికోత్సవానికి పెట్టుకోవచ్చు. ఆ ఒక్క రోజు మాత్రం మన ఇంటి పాటలకు ఇవ్వాలని నా అభిప్రాయం.

"అందరికి అర్థమయ్యే పాట ఉండాలె కదా, వచ్చిన పెద్దలకు తెలియదు కదా" అని కొందరు టీచర్లు అంటరు. ఆ మాటల న్యాయం ఉన్నది. కానీ పదో తరగతి అక్కలు కొరియా పాటలు పాడుతుంటే ఎవరికి అర్థమవుతున్నది? అయినా అందరం చప్పట్లు కొడుతున్నం. నాకు అలీ బహర్ పాటల ఒక్క "సముద్రం" తప్ప ఏం తెలియదు, అది కూడా ఆయన ఇంటిపేరు. కావాలంటే పాట ముందు రెండు వాక్యాలల్ల అర్థం చెప్పొచ్చు: ఇది నాట్లప్పుడు పాడేది, ఇది పిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు పాడేది అని. దానికి అర నిమిషం చాలు.

ఇంకొక మాట కూడా చెప్పాలె. అన్ని పాటలు స్టేజీ ఎక్కించేటివి కావు. మా దగ్గర లక్ష్మీదేవర ఉంటది, గుర్రం మొఖం లెక్క చేసిన కిరీటం తలకు పెట్టుకొని ఆడుతరు, పాండవుల కథ పాడుతరు. అది దేవుని పని, దానికి ఒక రోజు, ఒక పద్ధతి ఉన్నది. మా తాత దాన్ని స్కూలుకు తేవద్దంటడు, నేను కూడా తేవద్దనే అంట. ఏది బయట పాడొచ్చు, ఏది పాడొద్దు అని ఇంటోళ్ళను అడిగే రావాలె. సిగ్గుపడే పిల్లలను బలవంతంగా నిలబెట్టొద్దు.

కానీ అడుగుడే ఆలస్యమైతే పాట ఉండదు. గుస్సాడి ఆట ఆడిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. మేడారం సమ్మక్క సారక్కల కథను డోలి కొట్టుకుంట పాడిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లోనే చనిపోయిండ్రు. మనం రెండేండ్లకోసారి మేడారం పోతం, కొబ్బరికాయ కొడుతం, బెల్లం పెడుతం. ఆయన పాడిన కథ మనల ఎంతమందికి వచ్చు? నాకైతే రాదు. మా నాయినమ్మకు నాటు పాటలు చానా వచ్చు, ఇప్పుడు ఆమెకు సగం పాట పాడంగనే దమ్ము వస్తున్నది. నాట్లు కూడా మిషన్‌తోని వేస్తున్నరు. పడవ పోయినట్టే పని పోతున్నది, దార్ అసొంటి ఇల్లు మనకు లేదు. నన్ను అడిగితే ఈ హాస్టలే ఆ ఇల్లు కావొచ్చు. ఇన్ని తెగల పిల్లలు ఒక్క కప్పు కింద పండుకునే జాగ మన మండలంల ఇంకొకటి నాకు తెలియదు.

వార్డెన్ మేడమ్ గారికి నా మనవి: శనివారం రాత్రి టీవీ పెట్టే టైంల అర గంట ఇంటి పాటలకు ఇవ్వండి. టీవీ బంద్ చేయమని కాదు, అర గంట తర్వాత పెట్టండి చాలు. అప్పటినుంచి ఆగస్టు 9 దాకా వచ్చిన పాటలల్ల మంచివి ఏరుకోవచ్చు. ఆకుల డ్రస్సులకు పెట్టే కిరాయి పైసలతోని రెండు తాళాలు, ఒక డోలు కొనొచ్చు. కుండ మాత్రం కొనే పని లేదు, వంటశాల వెనుక పగలనిది ఒకటి ఉన్నది. వంట చేసే అవ్వను నేను అడిగిన, ఇస్త అన్నది.

నేను, మా గదిల ఇద్దరు కలిసి ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టినం. ఇప్పటికి పదకొండు పాటలు రాసినం. నాలుగు నాటు పాటలు, మూడు లంబాడి పాటలు, రెండు గోండి, ఒకటి కోయ, ఒకటి మా నాయినమ్మ జోలపాట. గోండి పాటలు తెలుగు అక్షరాలతోనే రాసినం, కొన్ని శబ్దాలు సరిగ్గ కూర్చోలేదు, ఆ అక్క ఉతికిన బట్టలు ఆరేసుకుంట చెప్తే దిద్దినం. ఎవరు చెప్పిండ్రు, ఏ ఊరు, ఎప్పుడు పాడుతరు అని పక్కన రాస్తున్నం. సంక్రాంతికి ఇంటికి పోయినోళ్ళు ఒక్కొక్క పాట అన్న రాసుకొని రాండి. బుక్కు రెండో డార్మిటరీల, కిటికీ పక్కన నా పెట్టె మీద ఉంటది. పెన్ను మాత్రం మీరే తెచ్చుకోండి, మొన్న పెట్టింది పోయింది.

– 9వ తరగతి విద్యార్థిని