హెచ్-4 భార్యకు పూచీ ఎవరు?

భార్యనో భర్తనో గ్రీన్ కార్డు మీద అమెరికాకు రప్పించుకునేవారు ఐ-864 అనే ఫారం మీద సంతకం పెట్టాలి. వచ్చే మనిషి ప్రభుత్వ సాయం మీద పడకుండా చూసుకుంటామని, ఆ దేశపు పేదరిక రేఖకు 125 శాతానికి తగ్గని ఆదాయం అందేలా చూస్తామని అందులో ఒప్పుకోవాలి. 2025 లెక్కల్లో ఒంటరి మనిషికి ఆ రేఖ 15,650 డాలర్లు. 125 శాతమంటే ఏడాదికి 19,562 డాలర్లు. శాన్ హోసేలో చిన్న ఫ్లాట్ అద్దెకు కూడా అది చాలదు. అయినా ఆ సంతకానికి ఉన్న బలం సామాన్యమైనది కాదు. 1996 నాటి చట్టం ప్రకారం విడాకులు వచ్చినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. వచ్చిన మనిషి అమెరికా పౌరసత్వం తీసుకునేదాకా, లేదా సుమారు పదేళ్ల ఉద్యోగానికి సమానమైన 40 క్వార్టర్ల లెక్క నిండేదాకా, లేదా ఆ దేశంలో నివాస హక్కు వదులుకుని వెళ్లిపోయేదాకా నిలిచే ఉంటుంది. మాజీ భార్య ఉద్యోగం వెతుక్కోలేదన్న సాకుతో దీన్ని ఎగ్గొట్టడం కుదరదని 2012లో ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పింది. పెళ్లికి ముందు రాయించుకున్న ఒప్పందం కూడా దీన్ని చెరపలేదని 2016లో తొమ్మిదో సర్క్యూట్ తేల్చింది. రాష్ట్ర ఫ్యామిలీ కోర్టులోనే దీన్ని అమలు చేయించుకోవచ్చని 2017లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు తీర్పిచ్చింది.

హెచ్-1బీ మీద పనిచేసే భర్త వెంట హెచ్-4 మీద వెళ్లిన భార్య కోసం ఇలాంటి సంతకం ఎవరూ పెట్టరు. భర్త జీతం చూపిస్తే వీసా వస్తుంది. ఆ జీతంలో ఆమెకు హక్కుగా ఇంత అని చెప్పే కాగితం ఏదీ ఉండదు. హెచ్-4 తాత్కాలిక వీసా కాబట్టి పూచీ అక్కర్లేదన్నది చట్టం ఉద్దేశం కావచ్చు. భారతీయుల విషయంలో ఆ తాత్కాలికం ఎప్పుడో మాటవరసకు మిగిలింది. ఏటా ఇచ్చే ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి వల్ల మనవాళ్ల క్యూ పదేళ్లు దాటిపోయింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొని, పిల్లల్ని కని, వాళ్లు హైస్కూలుకు వచ్చినా తల్లి ఇంకా హెచ్-4 మీదే ఉన్న తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. నిన్న పెళ్లయి గ్రీన్ కార్డుతో దిగిన మనిషికి ఉన్న పూచీ, పన్నెండేళ్లు కాపురం చేసి క్యూలో నిలబడ్డ మనిషికి లేదు. భార్యాభర్తలు విడిగా ఉండే కాలంలో భరణం గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాను పక్కన పెట్టకూడదని నా వాదన. ఆమె ఆధారపడటం ఆమె స్వభావం వల్లనో చదువు చాలకో వచ్చింది కాదు. ఆ వీసా షరతులే ఆమెను అలా నిలబెట్టాయి. ఆ వీసా వల్ల లాభపడిన కాపురమే దాని ఖర్చు కూడా మోయాలి.

అదెలా జరుగుతుందో చూడండి. గచ్చిబౌలిలో మంచి ఉద్యోగం చేస్తున్న అమ్మాయి పెళ్లి కుదరగానే రాజీనామా చేస్తుంది. రెండు కుటుంబాలూ కలిసి తీసుకున్న నిర్ణయమది. అమెరికాలో దిగాక భర్త గ్రీన్ కార్డు దరఖాస్తులో ఐ-140 అనే పత్రం ఆమోదం పొందేదాకా మామూలుగా ఆమెకు పని అనుమతి రాదు. ఆ అనుమతి ఇచ్చే నిబంధన అమల్లోకి వచ్చిందే 2015 మేలో. మొదటి రెండు మూడేళ్లలో దాన్ని పొందినవారిలో సుమారు 93 శాతం భారత్‌లో పుట్టినవారు, దాదాపు అంతే శాతం మహిళలు. అనుమతి లేనివారికి సాధారణంగా సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. అది లేకపోతే క్రెడిట్ చరిత్ర ఉండదు, సొంతంగా ఫ్లాట్ అద్దెకు దొరకడం కష్టం. ఇంటి లీజు, కారు, బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా అన్నీ భర్త పేరు మీదో ఆయన కంపెనీ ద్వారానో నడుస్తాయి. పని అనుమతి ఉన్నవారికైనా స్థిమితం లేదు. రెన్యువల్ పెండింగ్‌లో ఉన్నంతకాలం పాత అనుమతికి దానంతటదే పొడిగింపు దొరికే పద్ధతిని 2025 అక్టోబరు 30 నుంచి తీసేశారు. ఆ తర్వాత దరఖాస్తు చేసినవారికి కొత్త కార్డు ఆలస్యమైతే ఉద్యోగం ఆగిపోతుంది. హెచ్-4 మీద వెళ్లిన భర్తల పరిస్థితీ ఇదే. వాళ్ల గోడు వినేవాళ్లు ఇంకా తక్కువ.

కాపురం చెడినప్పుడు విడాకుల రోజు కంటే ముందున్న కాలమే గడ్డుది. పెళ్లి చట్టబద్ధంగా నిలిచి ఉన్నంతకాలం హెచ్-4 నిలుస్తుంది, డిక్రీ వచ్చిన రోజున పోతుంది. ఆమెకు మిగిలిన సమయమంతా మధ్యలోని ఆ నెలలే. ఇంకో వీసా వెతుక్కోవాలన్నా, కాలేజీలో చేరాలన్నా, లాయర్ని పెట్టుకోవాలన్నా అప్పుడే. సరిగ్గా అప్పుడే ఉమ్మడి ఖాతాలో డబ్బు ఉండదు, క్రెడిట్ కార్డు పనిచేయదు. వీసా పొడిగింపుకు భర్త పే స్లిప్పులు, ఆయన హెచ్-1బీ కాగితాలు జతచేయాలి. ఆయన ఇవ్వనంటే గడువు దాటి చట్టం ముందు దోషిగా నిలబడేది ఆమే. పెద్దమనుషుల పంచాయితీల్లో బంగారం గురించి, పెట్టుపోతల గురించి గంటలు గంటలు మాట్లాడతారు. ఆ పే స్లిప్పుల సంగతి ఎవరికీ తట్టదు.

కోర్టులు ఏమీ చేయలేవని కాదు. కాలిఫోర్నియాలో విడాకుల కేసు వేయడానికి ఆరు నెలల నివాసం ఉండాలి కానీ, చట్టబద్ధంగా విడిగా ఉండటానికి వేసే కేసుకు ఆ నిబంధన లేదు. శాన్ హోసే, సన్నీవేల్ ఉన్న శాంటా క్లారా కౌంటీలో మధ్యంతర భరణానికి ఒక సూత్రం వాడుకలో ఉంది. ఎక్కువ సంపాదించేవారి నికర ఆదాయంలో 40 శాతం నుంచి, రెండోవారి నికర ఆదాయంలో సగం తీసివేస్తారు. నెలకు చేతికి పదివేల డాలర్లు వచ్చే భర్త, ఆదాయం లేని భార్య అయితే లెక్క నాలుగువేలకు వస్తుంది. లాయరు ఫీజు కూడా ఉన్నవారి చేత లేనివారికి ఇప్పించే అధికారం అక్కడి కోర్టుకు ఉంది. టెక్సాస్‌కు వెళ్తే దృశ్యం మారిపోతుంది. కేసు నడిచేటప్పుడు జడ్జి విచక్షణ మీద కొంత ఇప్పిస్తారు. ఆ తర్వాత భరణం కావాలంటే మామూలుగా పదేళ్ల కాపురమో, గృహహింసకు శిక్షపడటమో, వైకల్యమో చూపాలి. అప్పుడు కూడా నెలకు 5,000 డాలర్లు, భర్త స్థూల ఆదాయంలో 20 శాతం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది దాటకూడదు. కంపెనీ బదిలీ చేసిందని భర్త వెంట కాలిఫోర్నియా నుంచి ఆస్టిన్‌కు మారిన భార్యకు తన హక్కులు దారిలో జారిపోయాయని తెలియదు. అందుకే రాష్ట్రాల దయకు వదిలేయకుండా, డిపెండెంట్ వీసాకు కూడా కేంద్ర స్థాయిలో పరిమితమైన పూచీ పత్రం ఉండాలంటున్నాను. కెనడాలో భార్యను స్పాన్సర్ చేసినవారి పూచీ మూడేళ్లు ఉంటుంది, విడిపోయినా పోదు. హెచ్-4కు అలాంటి గడువు పెట్టి, అందులో కనీస ఖర్చుతోపాటు ఆరోగ్య బీమా, వీసా కాగితాలు ఇచ్చే బాధ్యత కూడా చేరిస్తే చాలావరకు గాలి ఆడుతుంది.

చదువుకున్న మనిషి కదా, పని చేసుకోవచ్చు కదా అని అడుగుతారు. పని చేస్తే చట్టవిరుద్ధమయ్యే మనిషిని ఆ ప్రశ్న అడగడంలో అర్థం లేదు. పని అనుమతి చేతికి వచ్చాక మాత్రం ఆ ప్రశ్న న్యాయమైనదే. ఉద్యోగం వెతుక్కోనక్కర్లేదన్న ఏడో సర్క్యూట్ సూత్రాన్ని హెచ్-4 భరణానికి యథాతథంగా తేవడం నాకూ సమ్మతం కాదు. అనుమతి ఉండి, ఆరోగ్యం ఉండి, పసిపిల్లల బాధ్యత లేనప్పుడు భరణం క్రమంగా తగ్గాలి. గ్రీన్ కార్డు కోసం దొంగ పెళ్లిళ్లు పెరుగుతాయన్న భయం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. హెచ్-4 భార్య విడాకులతో గ్రీన్ కార్డు సంపాదించదు, ఉన్న వీసానే పోగొట్టుకుంటుంది. అలాంటి నష్టం కోసం మోసం చేసేవారు ఉండరు. భర్తదీ నిలకడలేని బతుకే కదా, ఉద్యోగం పోతే మామూలుగా అరవై రోజులే గడువు కదా అన్న అభ్యంతరంలో బలం ఉంది. లేఆఫ్‌ల కాలంలో అది ఊహాగానం కూడా కాదు. అందుకే భరణం మొత్తం ఆదాయాన్ని బట్టి మారాలి, ఉద్యోగం పోయిన నాడు కోర్టు వెంటనే సవరించాలి. ఆదాయం లేనప్పుడు శాంటా క్లారా సూత్రంలోనూ లెక్క సున్నాకే వస్తుంది. అయితే జీతం పదిలంగా వస్తున్న నెలల్లో భార్య చేతిలో ఏమీ పెట్టకపోవడానికి, రేపు ఉద్యోగం పోవచ్చునన్న భయం కారణం కాలేదు.

అన్నిటికంటే ఎక్కువ వినిపించే మాట, మర్యాదగా వినిపించే మాట, ఇండియా వెళ్లిపొమ్మనడం. విజయవాడలోనో వరంగల్‌లోనో ఖర్చు తక్కువ, పుట్టింటివాళ్లు ఉన్నారు, అక్కడే కేసు వేసుకోవచ్చు అంటారు. వేసుకోవచ్చు, నిజమే. భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద తానున్న ఊళ్లోనే భరణం అడగవచ్చు. ఇద్దరూ ఆస్తిపాస్తుల అఫిడవిట్లు దాఖలు చేయాలని, దరఖాస్తు తేదీ నుంచే భరణం ఇవ్వాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. అమెరికా డిక్రీ చేతిలో పట్టుకుని ఇక నువ్వు భార్యవే కావనడం కూడా తేలిక కాదు. 1975లో తిరుపతిలో పెళ్లయిన తెలుగు దంపతుల కేసులో, తొంభై రోజుల నివాసం చూపి మిస్సోరీలో భర్త తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద ఇదంతా బలమైన రక్షణే. చిక్కు ఎక్కడంటే, ఇక్కడి ఆర్డరుతో సియాటిల్‌లోని జీతాన్ని పట్టుకోలేం. భరణం కట్టనివారికి నెల బకాయికి నెల వరకు జైలు అన్న నిబంధన హైదరాబాద్ విమానాశ్రయంలో దిగినవాడికే వర్తిస్తుంది. అటునుంచి చూసినా అంతే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44-ఎ కింద అమెరికా మనకు పరస్పర దేశం కాదు కాబట్టి అక్కడి కోర్టు ఇచ్చిన డిక్రీని ఇక్కడ నేరుగా అమలు చేయించలేం, మళ్లీ దావా వేయాల్సిందే. ఆదాయం ఉన్నచోట కేసు నడిస్తేనే డబ్బు వస్తుంది. ఆమెను అక్కడి నుంచి కదిలించడమంటే సగం కేసు ముందే గెలవడం. తల్లిదండ్రులను చూసి రమ్మని టికెట్ కొనిచ్చి పంపి, తర్వాత వీసాకు కాగితాలు పంపని భర్తలకు ఈ సంగతి లాయర్లు చెప్పక్కర్లేకుండానే తెలుసు.

పిల్లలుంటే ఈ సలహా మరీ క్రూరమవుతుంది. అక్కడ పుట్టిన పిల్లవాడు అమెరికా పౌరుడు. తండ్రి ఒప్పుకోకుండా, కోర్టు అనుమతి లేకుండా ఇండియాకు తీసుకొస్తే తల్లి మీద అపహరణ ఆరోపణ వచ్చే ప్రమాదం ఉంది. డిక్రీ తర్వాత అక్కడే ఉండటానికి ఆమెకు వీసా ఉండదు. బిడ్డతో వెళ్లలేదు, బిడ్డ దగ్గర ఉండలేదు. హింసను రుజువు చేయగలిగిన హెచ్-4 జీవిత భాగస్వాములకు పని అనుమతి ఇచ్చే వెసులుబాటు 2005 నాటి చట్టంలో ఉంది. కొట్టకుండా, తిట్టకుండా, డబ్బు మాత్రమే ఆపేసిన భర్త మీద ఆ రుజువు చూపడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. బ్రిటన్‌లోనూ గృహహింసకు గురైనవారికే అయినా, 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ ఉద్యోగుల, విద్యార్థుల డిపెండెంట్లకు కూడా మూడు నెలల ప్రత్యేక అనుమతి ఇస్తున్నారు. ఆ మూడు నెలల్లో ప్రభుత్వ సాయం అడిగే హక్కు ఉంటుంది. మూడు నెలలు తక్కువే కానీ, ముందు ఊపిరి పీల్చుకోనిచ్చి తర్వాత ప్రశ్నలు అడిగే పద్ధతి అది.

ఇప్పుడు ఈ ఖర్చు భరిస్తున్నదెవరంటే, ఆమె పుట్టింటివాళ్లు. అమెరికా సంబంధమని కట్నం కింద ఒకసారి ఇచ్చినవాళ్లే, లాయరు ఫీజులకని పొలమో ప్లాటో అమ్మి రెండోసారి డాలర్లు పంపుతున్నారు. ఆ మొదటి మొత్తం ఏ అఫిడవిట్‌లోనూ కనిపించదు. భారత రాయబార కార్యాలయాల్లోని కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి ఇలాంటి స్త్రీలకు న్యాయసహాయం అందుతుంది కానీ, అక్కడి లాయర్ల ఫీజుల ముందు అది ఎంతో దూరం రాదు. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలో ఎన్నారై సెల్ ఉంది. ఫిర్యాదు తీసుకోగలదు, నోటీసు పంపగలదు, జీతం మీద చేయి వేయలేదు. మన దగ్గర చట్టం చేయాలన్న చర్చ ఎప్పుడొచ్చినా ఎన్నారై పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ దగ్గర మొదలై పాస్‌పోర్టు రద్దు దగ్గర ఆగుతోంది. 2019లో రాజ్యసభలో పెట్టిన బిల్లు సారమూ అదే. 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన 287వ నివేదికలో లా కమిషన్ భరణాన్ని, పిల్లల కస్టడీని కూడా కలిపి సమగ్ర చట్టం కావాలంది. ఒక అడుగు ముందుకే. కానీ పాస్‌పోర్టు రద్దయితే భర్త ఉద్యోగం పోవచ్చు, భరణం వచ్చే దారీ దానితోనే మూసుకుపోవచ్చు. పిల్లల పోషణను, దానితో కలిపి అడిగే భార్య భరణాన్ని దేశాల సరిహద్దు దాటి వసూలు చేయడానికి 2007లో హేగ్‌లో ఒక ఒప్పందం కుదిరింది. 2017 నుంచి అమెరికా అందులో ఉంది, బ్రిటన్ ఉంది, భారత్ లేదు. చేరడానికి మనకున్న అభ్యంతరమేమిటో కేంద్ర న్యాయశాఖ, విదేశాంగ శాఖ పార్లమెంటుకు చెప్పాలి. అమెరికాకు ఇంతమంది కోడళ్లను పంపుతున్న రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఆ ప్రశ్న అడగడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు.