అరువది దినముల గడువు

అమెరికాలో హెచ్-1బి వీసాపై పనిచేయువారిలో మన తెలుగువారు అనేకులు. ఉద్యోగము పోయినచో, 2017 జనవరి నుండి అమలులోనున్న నిబంధన ప్రకారము వారికి హెచ్చుగా 60 దినముల గడువు గలదు; అనుమతికాలము ముందే ముగిసినచో అంతయు దొరకదు. ఆలోపల క్రొత్త యజమాని దరఖాస్తు పెట్టవలెను; లేదా తాము వేరొక హోదా కోరవలెను; కానిచో కుటుంబముతో దేశము విడువవలెను. బడికి పోవు బిడ్డలు గలవారికి ఈ గడువు చాలదనియే నా యభిప్రాయము.

అయినను మన తప్పును గలదు. నా పూర్వశిష్యుడొకడు ఉద్యోగము పోయిన నలువది దినములకు గాని ఇంట తెలుపలేదు. ఊరివారేమందురోయని వెరచెనట! తలిదండ్రులారా, అట్టి కుమారుని నిందింపకుడు, ధైర్యము చెప్పుడు. విద్యార్థులారా, పోకముందే నిబంధనలు చదువుడు. తిరిగివచ్చుట అవమానము కాదు.