పని దొరికింది, ఇల్లేది?

“మీరు ఏమిటోళ్లు సార్?”

ఇల్లు అడగబోయిన ప్రతి గుమ్మం ముందు నాకు ఎదురైన ప్రశ్న ఇది. జీతమెంత అని అడగరు. కిరాయి నెలనెలా ఇస్తవా అని అడగరు. సర్కారు బడి పంతులునంటే కుర్చీ వేస్తరు, చాయ్ తెప్పిస్తరు. చాయ్ తాగుడు అయిపోయే లోపల ఈ ప్రశ్న వస్తది. జవాబు చెప్పినంక, “ఆ రూము మా చుట్టాలకు ఇస్తమని మాటిచ్చినం సార్, యాదికి లేదు” అంటరు. ఎన్ని ఇండ్లల్ల ఎంతమంది చుట్టాలు యాదికి వచ్చిండ్రో లెక్కలేదు.

మాది జుక్కల్ మండలం. ఒక దిక్కు మహారాష్ట్ర, ఒక దిక్కు కర్ణాటక. మా వాడల తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినపడతయి. ఆ ప్రశ్న మూడు భాషల్లోనూ ఉన్నది. మా నియోజకవర్గం ఎస్సీలకు రిజర్వు. అసెంబ్లీల మాకు సీటు ఉన్నది, ఊరి నడుమ ఇల్లు లేదు.

మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. మొదటి పోస్టింగులో నేను ఒక తప్పు చేసిన. దాన్ని ఇక్కడ ఒప్పుకోవాలె. మా ఇంటిపేరు వేరే కులంలో కూడా ఉన్నది. ఇంటాయన అదే అనుకున్నడు. నేను కాదనలే. నాలుగు నెలలు ఉన్నం. నా భార్య కూర వండాలంటే భయం, మా అవ్వ చూడవస్తనంటే భయం. “బస్సు దిగినంక ఫోను చెయ్యి, నేనే వస్త, ఎవ్వరినీ తొవ్వ అడగకు” అని కన్నతల్లికి చెప్పిన కొడుకును నేను. ఒకనాడు ఐదేండ్ల నా బిడ్డ ఇంటాయన మనవలతో ఆడుకుంట, “మా తాత డప్పు మస్తు కొడతడు” అని చెప్పింది. దానికి తాత అంటే గర్వం. నాకు లేనిది దానికి ఉన్నది. మూడో రోజు ఖాళీ చేసినం. ఎవ్వరూ తిట్టలేదు. మేము సామాన్లు ఎక్కిస్తుంటేనే మిద్దె మీద నీళ్ల ట్యాంకు కడిగిస్తున్నరు. ఆ ఊరి పేరు రాయను. ఏ ఊరి పేరు రాసినా అబద్ధం కాదు కదా!

తరువాత అంబేద్కర్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ చదివిన. ఆయన న్యూయార్కులో, లండన్‌లో చదివి 1917లో బరోడాకు ఉద్యోగం మీద వచ్చిండు. ఉద్యోగం సిద్ధంగా ఉన్నది. ఇల్లు లేదు. పేరు మార్చుకొని ఒక పార్శీ సత్రంలో దిగిండు. పదకొండో రోజు కర్రలు పట్టుకొని పార్శీలు వచ్చిండ్రు. సాయంత్రంలోగా వెళ్లిపొమ్మన్నరు. ఆ ఊరు మొత్తంలో ఆయనకు తలదాచుకునే చోటు దొరకలేదు. పార్కులో కూర్చొని రాత్రి రైలుకు బొంబాయి పోయిండు. పరాయి దేశంలో కొన్నేండ్లు మరిచిపోయిన అంటరానితనం సొంత దేశంలో దిగంగనే ఎదురొచ్చింది. ఆ పుస్తకం పేరులో వీసా ఎందుకున్నదో నాకు ఎవ్వరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. మాదిగవాడ నుంచి ఊరి నడుమకు పోవాలంటే మాకు వీసా కావాలె. దాన్ని ఇచ్చే ఆఫీసు ఎక్కడున్నదో ఇప్పటికీ ఎవ్వరూ చెప్పరు.

ఇక నా తమ్ముని ముచ్చట.

నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి గల్ఫుకు పోవుడు 1970ల చమురు కాలం నుంచి ఉన్నదే. మా నాయిన పటేల్ దగ్గర జీతం ఉండి, ఆ బాకీ తీర్చెటందుకు ఒకసారి పోయివచ్చిండు. ఆ పైసలతో రెండు రూముల స్లాబు వేసిండు. గుడిసె పోయి స్లాబు వచ్చింది. వాడ మాత్రం అక్కడనే ఉన్నది. తమ్ముడు తొమ్మిదో తరగతిల బడి మానేసి, పెండ్లయినంక దుబాయి పోయిండు. ఏజెంటుకు లక్షా ఇరవై వేలు కట్టినం, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి. ఇప్పటి నిబంధన ప్రకారం ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దు. ఆ నిబంధన ఉన్నదని నాకు తెలిసింది మిత్తి కట్టుడు మొదలైనంకనే. చదువుకున్న అన్నను ఉండి కూడా తెలుసుకోలే.

వాడు ఉండేది సోనాపూర్ క్యాంపుల. పేరు బంగారుపురం. ఒక రూముల ఎనిమిది మంది, ఒకరి మీద ఒకరు మంచాలు. దాన్ని రూము అనరు, ‘బెడ్‌స్పేస్’ అంటరు. మనిషి పడుకునే జాగకు పెట్టిన పేరు. లేచి నిలబడే జాగ లెక్కల లేదు.

మొన్న ఫోనుల అడిగిండు: “అన్నా, నా భార్యాపిల్లల్ని ఇక్కడికి తెచ్చుకోవచ్చా? ఎన్నేండ్లు ఇట్ల?”

నేను రూల్సు చూసిన. 2019లో అక్కడి ప్రభుత్వం పెట్టిన లెక్క: కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం నెలకు 4000 దిర్హాములు ఉండాలె, లేకుంటే 3000, పైన ఇల్లు కంపెనీ ఇయ్యాలె. తమ్మునికి ఓవర్‌టైమ్ కలిపితే 1200. పక్క దేశాలేమన్న మంచిగున్నయా? కువైట్ 2017లో ప్రైవేటు కూలీకి కనీస వేతనం 75 దినార్లు అన్నది. అదే కువైట్ 2024లో ఫ్యామిలీ వీసాకు 800 దినార్ల జీతం ఉండాలన్నది. ఖతార్ 2020లో కనీస వేతనం 1000 రియాళ్లు, కంపెనీ వసతి ఇయ్యకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అని చట్టం చేసింది. మంచిదే. కానీ ఆ 500 ఎంతమందికి లెక్క కట్టిండ్రు? ఒక్క మనిషికే. చట్టం కండ్లల్ల కూలికి భార్య లేదు, పిల్లలు లేరు, ముసలి తల్లి లేదు. రెండు చేతులు, ఒక మంచం.

ఇది అరబ్బుల తప్పేనా? 2020 సెప్టెంబరులో, కరోనా నడుమ, గల్ఫుకు పోయే మన కూలీల కనీస వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించి సర్క్యులర్లు తెచ్చింది మన ఢిల్లీ సర్కారే. కార్మిక సంఘాలు కొట్లాడితే 2021లో వెనక్కి తీసుకున్నది. మన రాష్ట్రం 2024లో గల్ఫులో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. కొట్లాడి సాధించుకున్న దాన్ని నేను తక్కువ చేయను. కాని అడుగుత: శవానికి లెక్క ఉన్నది, బతికున్న కుటుంబానికి లెక్క ఏది?

“గల్ఫుల కులం లేదు, రెడ్డి కూడా అదే మంచం మీద పండుతడు” అని కొందరు మిత్రులు అంటరు. నిజమే, మంచం ఒకటే. వంట ఒకటి కాదు. తమ్ముని క్యాంపుల మనోళ్ల మెస్సులు కులాలవారీగ కూడుకున్నయి. ఎడారిల కూడా పొయ్యి విడిగనే మండుతది. ఆ మంచం దిగి వచ్చిన రెడ్డికి ఊర్ల భూమి ఉన్నది. నా తమ్మునికి ఊర్ల బాకీ ఉన్నది.

మరి పెద్ద చదువులు చదివి అమెరికా పోయినోళ్లు? వాళ్లకు భార్యాపిల్లలతో పోయే వీసా ఉన్నది, ఇల్లు కొనుక్కునే జీతం ఉన్నది. వాళ్లతోపాటు ఆ ప్రశ్న కూడా విమానం ఎక్కింది. ఎక్కకపోతే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం ఎందుకు చేసింది? ఉద్యోగంలో, ఇంటి కిరాయిలో కులం చూడొద్దని అమెరికాలో ఒక నగరం రాసుకోవలసి వచ్చింది! అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ అటువంటి బిల్లే చేస్తే, ఉన్న చట్టాలే చాలునని గవర్నర్ అక్టోబరులో తిప్పిపంపిండు. ఆ బిల్లు వద్దని గట్టిగ అరిచిన వాళ్లు తెల్లోళ్లు కారు. మన దేశంల కులం ఎక్కడున్నదని అడిగేటోళ్లే అక్కడ కులం పేరెత్తితే ఉలికిపడ్డరు.

అందుకే నేననేది ఒకటే. మా చేతులు అందరికీ కావాలె. మా ఇల్లు ఎవ్వరికీ వద్దు. ఎందుకంటే ఇల్లంటే గోడలు కాదు. ఇల్లున్నోడు ఉండిపోతడు. వాని పిల్లలు అక్కడి బడికి పోతరు. వాడు నల్లా అడుగుతడు, తొవ్వ అడుగుతడు, హక్కు అడుగుతడు. పొద్దున వచ్చి పొద్దుగూకంగ వాడకు పోయే కూలి, రెండేండ్లకు కాంట్రాక్టు అయిపోంగ ఊరికి పోయే కూలి, వీళ్లిద్దరూ యజమానికి ఒకటే.

నా బడిల పేరెంట్స్ మీటింగు పెడితే సగం మందికి అవ్వలు, తాతలు వస్తరు. “మీ నాయిన ఏడి?” అంటే “ఫోన్ల ఉన్నడు సార్” అంటడు పిల్లగాడు. యాభై ఏండ్ల వలస మా పల్లెలకు ఇచ్చిన నాయిన ఇతను.

చదువుకునే తమ్ముళ్లూ, చెల్లెండ్లూ! సంఘాలల్ల పనిచేసే అన్నలూ! పదో తరగతి పాసుకాని వాని పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటది. అంటే 18 దేశాలకు కూలికి పోవాలంటే సర్కారు అనుమతి కావాలె. తొమ్మిదిల బడి మానేసిన ప్రతి పిల్లగాడు ఒక ఈసీఆర్ పాస్‌పోర్టు. పాసైనోనికి జీతం పెరగదు గాని, కాంట్రాక్టు కాయితం సొంతంగ చదువుకుంటడు. ఇది బడి పంతులుగా నా పని, చేస్త. మీ పని వేరే ఉన్నది. రిజర్వేషన్, భూమి అని కొట్లాడినట్టే ఇల్లు అని కొట్లాడాలె. కిరాయికి కులం అడిగేటోని మీద కేసు కావాలె. వేరే దేశంతో కూలీల ఒప్పందం రాసుకునేటప్పుడు కుటుంబం అనే మాట కూడా అందుల రాయాలె.

తమ్మునికి ఇంకా జవాబు చెప్పలే. “వచ్చెయ్” అందామంటే బాకీ ఇంకా తీరలే. “ఉండు” అందామంటే నోరు రావట్లేదు. నేను ఇప్పుడు మా వాడల నుంచే రోజూ బండి మీద బడికి పోతున్న, పోనూ రానూ అరవై కిలోమీటర్లు. కిరాయి ఇల్లు మళ్లీ అడగబోతున్న. ఈసారి కుర్చీల కూసోకముందే, చాయ్ రాకముందే, నేనే చెప్త: మేము మాదిగోళ్లం, మా నాయిన డప్పు మస్తు కొడతడు, మా అవ్వ వస్తది, కూర వండుకుంటం. కిరాయి ఎంత?